బూట్లు విప్పించని డాక్టరమ్మ

డాక్టర్ హెల్కా సార్నియో కుడిచేతి బొటనవేలు తెలియని కీళ్లవాతం మనిషి మా సావియార్విలో లేడు. ఆ వేలితోనే ఆమె కీలు మీద నొక్కేది. తన గోరు కింద రక్తం తప్పుకుని గోరు తెల్లబడేదాకా నొక్కేది. అంతకన్నా తక్కువ నొక్కితే నొప్పి దాక్కుంటుందనీ, ఎక్కువ నొక్కితే లేని నొప్పి పుడుతుందనీ ఆమె సిద్ధాంతం. ముప్పై ఏళ్లు అలా నొక్కీ నొక్కీ చివరికి ఆమె బొటనవేలి కీలే కాస్త వంకర తిరిగింది. దానికి మాత్రం వైద్యం చేయించుకోలేదు. అడిగితే "ఏముంది, బాగానే ఉంది" అనేది.

ఈ "బాగానే ఉంది" అన్న మాటతోనే ఆమె కథంతా. 1976లో ఆమె కుర్ర డాక్టరుగా వచ్చేనాటికి మా సరస్సు ఒడ్డు ఆస్పత్రిలో రెండువందల పడకలు ఉండేవి. జబ్బు ముదిరినవాళ్లు సంచీ సర్దుకుని వచ్చి మూడు నాలుగు నెలలు ఉండిపోయేవారు. బంగారం ఉప్పు సూదులు, వేడి మైనంలో చేతులు ముంచడం, పిండికట్లు, సాయంత్రం పైన్ చెట్ల కింద నడక. ఆడవాళ్ల వార్డులో వంకరపోయిన వేళ్లతోనే మేజోళ్లు అల్లుకునేవారు. పొద్దున్నే హెల్కా వెళ్లి "ఎలా ఉంది?" అంటే రెండువందల పడకల నుంచీ ఒకటే జవాబు వచ్చేది. ఏముంది, బాగానే ఉంది. మా జనం తీరే అంత. ఎముక విరిగి బయటికి పొడుచుకొచ్చినా "కాస్త బెణికినట్టుంది" అంటారు. బాధ చెప్పుకోవడమంటే ఎదుటివాళ్ల కాలం దొంగిలించడమని మాకు ఉగ్గుపాలతోనే పట్టించారు.

ఆ మర్యాద ఇళ్లలో సరే, ఆస్పత్రిలో ఎవరికి కావాలి? ఏ మందు పనిచేస్తోందో, ఏది దండగో తేలేది కాదు. పెద్ద డాక్టర్లు రోగి మొహం చూసి అంచనా వేసేవారు. మా మొహాలు చూసి అంచనా వేయడం బండరాయిని చూసి వేయడమే. హెల్కాకి ఒళ్లు మండిపోయేది. నోరు చెప్పకపోతే కీలు చెప్పాలి కదా అని లెక్క మొదలుపెట్టింది. ఒంట్లో అరవై ఎనిమిది కీళ్లు ఒక్కొక్కటీ నొక్కి, నొప్పి ఉన్నవెన్ని, వాచినవెన్ని అని రాసుకునేది. ఒక్కో మనిషికి నలభై నిమిషాలు పట్టేది. తోటి డాక్టర్లు ఆమె వెనకాల "గుమాస్తా" అనుకునేవారు. మొహం మీదే అన్నా ఆమె పట్టించుకునేది కాదు.

తర్వాత లెక్క కుదించారు. ఇక్కడే కాదు, మిగతా దేశాల్లోనూ ఇరవై ఎనిమిది కీళ్లు చూస్తే చాలునన్న మాట బలపడుతున్న రోజులవి. భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, చేతివేళ్ల కణుపులు ఇరవై, మోకాళ్లు రెండు. పాదాలు లేవు. హెల్కా ఆ మాటని రెండు చేతులా అందుకుంది. దానికి ఆమె కారణం ఆమెకుంది. మా దగ్గర అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా కాలికి బరువైన బూట్లు, లోపల రెండు జతల ఉన్ని మేజోళ్లు, వాటి కింద ఇంకో పొర. వంగని వేళ్లతో ఆ లేసులు విప్పుకోవడానికి పది నిమిషాలు, మళ్లీ కట్టుకోవడానికి పదిహేను. సాయం పడతానంటే ఒప్పుకోరు. మొహం ఎర్రగా చేసుకుని, నోరు మెదపకుండా, ఆ లేసుతో కుస్తీ పడుతుంటారు. ఆ అవస్థ చూస్తూ కూర్చోవడం హెల్కా వల్ల కాలేదు. 1992లో తన గది తలుపుకి ఒక బోర్డు తగిలించింది, "బూట్లు విప్పనక్కర్లేదు" అని. గుమ్మం దగ్గర బుట్టలో నీలం ప్లాస్టిక్ తొడుగులు పెట్టించింది. బూటు మీదే అవి తొడుక్కుని లోపలికి వచ్చేయడమే. జనం ఆమె కడుపు చల్లగా ఉండాలనుకున్నారు.

లెక్క చేతికొచ్చాక ఆమె పని పరుగెత్తింది. జబ్బు మొదట్లోనే రెండు మూడు మందులు కలిపి గట్టిగా ఇవ్వడం, మూడు నెలలకోసారి కీళ్లు లెక్కపెట్టడం, లెక్క సున్నాకి దిగేదాకా వదలకపోవడం. ఆ పట్టు ఆమెది. పదేళ్లలో చక్రాల కుర్చీలు మూలపడ్డాయి. కూచున్న చోటినుంచి కదలలేరనుకున్న ఆడవాళ్లు అడవిలో బెర్రీలు ఏరుకోవడానికి వెళ్లసాగారు. పడకలు ఖాళీ అయ్యాయి. ముందు మూడో వార్డు మూశారు, తర్వాత రెండోది, ఆ తర్వాత క్యాంటీను. రోగులు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయేవారు. హెల్కా గెలిచింది, ఆ గెలుపు ఆమె చుట్టూ ఉన్న మనుషులందరినీ ఇళ్లకి పంపేసింది. పొడుగాటి వరండాలో ఆమె అడుగుల చప్పుడు ఆమెకే వినపడేది. మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న రై రొట్టె ముక్కలు సరస్సు వంక చూస్తూ నమిలేది.

ఇంట్లోనూ అంతే. పెళ్లిమాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఏదో సభకి వ్యాసం పంపే గడువు అడ్డుపడింది. మనుషులు గడువు దాటినా ఆగుతారని ఆమె అనుకుంది, వాళ్లు ఆగలేదు. తల్లి 1999లో పోయింది. అపార్ట్‌మెంటు కింది అంతస్తులో అందరికీ కలిపి ఒక ఆవిరిస్నానాల గది, సౌనా, ఉంది. ఒక్కో ఇంటికి వారానికో గంట. హెల్కాది శుక్రవారం ఆరింటి నుంచి ఏడు. నలుగురు పట్టే బల్ల మీద ఒక్కతే కూర్చుని, రాళ్ల మీద నీళ్లు పోసుకుని, ఆవిరిలో తల వంచుకుని కూర్చునేది. తర్వాతి వంతువాళ్లు గుమ్మంలో నమస్కారం పెడితే తిరిగి పెట్టేది. కొన్ని వారాల్లో ఆస్పత్రి బయట ఆమె పలకరింపు అదొక్కటే.

అలాంటి మనిషికి తైమి రూస్కనెన్ మూడు నెలలకోసారి వచ్చే పండగ.

తైమి మా మండలంలో ముప్పై ఒక్క ఏళ్లు టపా మోసిన మనిషి. ఎండాకాలం సైకిలు, చలికాలం మంచు మీద తోసుకుపోయే తోపుడుబండి. హెల్కా కన్నా పదకొండేళ్లు పెద్దది. భర్త పోయాక సరస్సు అవతల ఒక్కతే ఉండేది. అయినా నోరు ఊరుకునేది కాదు. మా ఊరికి అదొక వింత. 1996లో చేతులు వాచిపోయి, కాఫీ కప్పు ఎత్తలేక వచ్చింది. హెల్కా చేతులు బాగుచేసింది. అప్పటినుంచి మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు, ఆ నాలుగు నెలల్లో తైమి వచ్చే రోజులు హెల్కాకి క్యాలెండరు చూడకుండా తెలుసు. ముందురోజే రెండు కప్పులు కడిగి పెట్టుకునేది. నర్సు ఒర్వొక్కికి ఆ సంగతి తెలుసు కనుక తైమిని ఎప్పుడూ మధ్యాహ్నానికి ముందు, ఆఖర్న వేసేది.

"ఏం డాక్టరమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా? వరండాలో దయ్యాలు తప్ప ఎవరూ కనపళ్లేదు" అంటూ వచ్చేది తైమి.

"మీరొస్తున్నారని తెలిసి అవి కూడా పారిపోయుంటాయి" అనేది హెల్కా. ఇంకెవరితోనూ ఆమెకి ఇలాంటి మాటలు వచ్చేవి కావు.

"ఉత్తరాలు మోసినన్నాళ్లూ నోరు కుట్టేసుకుని మోశాను. ఎవరికి ఎక్కణ్నించి ఏమొచ్చిందో అన్నీ తెలుసు. ఇప్పుడు కుట్లు విప్పుతున్నా, విను."

ఊళ్లో సంగతులన్నీ అయ్యాక కాగితం మీద గీత. పది సెంటీమీటర్ల గీత, ఎడమ చివర ఏ బాధా లేదని, కుడి చివర ఇంతకన్నా ఘోరం లేదని. ఈ మూడు నెలలు ఎలా ఉన్నావో దాని మీద నిలువుగా ఒక చిన్న గీత పెట్టాలి. తైమి ఎడమ చివరన, ఒకటి దగ్గర పెట్టేది. తర్వాత హెల్కా ఇరవై ఎనిమిది కీళ్లు నొక్కేది. రక్తపరీక్ష, గీత, కీళ్లు కలిపి లెక్క వేస్తే ఒక అంకె. రెండు పాయింట్ ఆరు కన్నా తక్కువ వస్తే జబ్బు నిద్రపోయినట్టు.

"ఒకటి పాయింట్ తొమ్మిది!" అనేది హెల్కా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలోకి ఎక్కడినుంచో పదేళ్ల పిల్ల వచ్చేది. సంచీలోంచి దాల్చినచెక్క బన్ను తీసి రెండు ముక్కలు చేసి, పెద్దది తైమి ముందు పెట్టేది. తైమి ఆ మొహం వంక చూసి నవ్వేది.

జబ్బు నిద్రపోతే మందులు తగ్గించవచ్చా? ఆ ప్రశ్న మీద 2003లో హెల్కా తన ఆఖరి పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. బలమైన మందులు ఏళ్ల తరబడి మింగితే కాలేయానికీ ఊపిరితిత్తులకీ ముప్పు. అంకె ఏడాదిపాటు తక్కువగా ఉన్న నూటఅరవై నాలుగుమందికి మెల్లమెల్లగా మందులు తగ్గించుకుంటూ వచ్చింది. వాళ్లలో తైమి ఒకతి. నాలుగేళ్లయినా అంకెలు కదలలేదు. ఎక్స్‌రేలు చేతులకే తీశారు, అవి శుభ్రంగా ఉన్నాయి. వ్యాసాన్ని ఒక పేరున్న పత్రిక తీసుకుంది, ఏప్రిల్లో అచ్చు. మేలో హెల్సింకిలో కమిటీ కూర్చుని, దేశంలో ప్రతి ఆరోగ్యకేంద్రమూ ఆ పద్ధతినే పాటించాలని రాయబోతోంది. ముప్పై ఏళ్లు "గుమాస్తా" అనిపించుకున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

2007 ఫిబ్రవరిలో హెల్కా అపార్ట్‌మెంటులో నీటిగొట్టాలు మార్చే పని పడింది. నాలుగు నెలలు ఎవరూ ఉండటానికి లేదు. ఆస్పత్రి వెనక పాత నర్సుల గదుల్లో ఒకటి ఆమెకి ఇచ్చారు. దానికి సౌనా లేదు. సౌనా లేకుండా రెండు వారాలు ఓర్చుకుని, మూడో వారం మంగళవారం నాలుగింటికి ఊరి ఈతకొలనుకి వెళ్లింది. అక్కడ కీళ్లవాతం సంఘం ఆడవాళ్లు వేడినీళ్లలో వ్యాయామం చేసి సౌనాకి వస్తారన్న సంగతి, చిత్రంగా, ఆ సంఘానికి గౌరవ సభ్యురాలైన ఆమెకే తెలియదు.

ఆవిరి దట్టంగా ఉంది. ఏడెనిమిదిమంది ఆడవాళ్లు మూడు మెట్ల బల్ల మీద దిసమొలలతో కూర్చుని ఉన్నారు. తలుపు తీసి తల వంచుకుని లోపలికి వస్తున్న హెల్కాకి ముందుగా కనపడినవి కింది మెట్టు మీదినుంచి వేలాడుతున్న రెండు పాదాలు. వేళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. వేళ్ల మొదలు దగ్గర ఎర్రగా ఉబ్బి, కింద ఎముకలు జారి చర్మంలోంచి గుబ్బల్లా పొడుచుకొస్తున్నాయి. నాలుగైదేళ్లుగా మందు అందని జబ్బు. డాక్టరు బుర్ర ముందు పనిచేసింది. ఎవడు ఈవిడకి వైద్యం చేస్తున్నది? వాడికి కళ్లున్నాయా అసలు? అనుకుని, కోపంగా తలెత్తింది.

"ఓయ్, డాక్టరమ్మా!" అంది తైమి. "నీకూ ఒంటి మీద చర్మం ఉందే! తెల్లకోటుతోనే పుట్టావనుకున్నా."

అందరూ నవ్వారు. హెల్కా తలుపు పిడి వదల్లేదు. నిలబడిన చోటే నిలబడిపోయింది.

"తైమి గారూ, ఆ పాదాలు..."

"పాదాలకేం? ముప్పై ఏళ్లు టపా మోశాయి. అలిగి కూచున్నాయి. తలుపు వెయ్యి, ఆవిరి పోతోంది."

హెల్కా తలుపు వేసి పై మెట్టు ఎక్కి కూర్చుంది. పైనుంచి చూస్తే మిగతావాళ్ల పాదాలు కూడా కనపడ్డాయి. ఇద్దరు ఆమె రోగులే, ఇద్దరి జబ్బూ కాగితాల్లో నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున్నే ఒర్వొక్కిని పిలిచింది. "పరిశోధనలో ఉన్న నూటఅరవై నాలుగుమందినీ మళ్లీ రప్పించు. పాదాలు చూడాలి."

ఒర్వొక్కి కళ్లద్దాలు తీసేసింది. "ఫిబ్రవరిలో బూట్లు విప్పిస్తావా, హెల్కా? విప్పొద్దని బోర్డు పెట్టింది నువ్వే కదా!"

"ఆ బోర్డు తీసెయ్."

"వ్యాసం ఏప్రిల్లో..."

"తెలుసు."

ఆరు వారాలు పట్టింది. వరండా అంతా తడిసిన ఉన్ని వాసన. హెల్కా నేల మీద మోకాళ్లూని తానే లేసులు విప్పింది. మా మనుషులు అలా కాళ్ల దగ్గర డాక్టరు కూర్చుంటే తట్టుకోలేరు. కొందరు గోడకేసి చూశారు, కొందరు క్షమించమన్నారు. మేజోళ్లు పోయాక మాత్రం చాలామంది నోళ్లు తెరుచుకున్నాయి. "ఇదీ లెక్కలోకి వస్తుందా? మీరు అడగలేదు కదా, వేరే జబ్బనుకున్నా" అన్నాడు ఒక రంపపు మిల్లు ముసలాయన. ఆరు వారాలు గడిచేసరికి ముప్పై తొమ్మిదిమంది పాదాలు వాచి ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఇరవై ఏడుగురికి ఎక్స్‌రేలో ఎముక కొరుక్కుపోయి ఉంది. మందులు తగ్గించింది ఆమె చేతులే. చూడకుండా వదిలింది ఆమె దయే. హెల్కా ఆ రెండు అంకెలూ రాసుకుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకి ఉత్తరం రాసింది.

కమిటీ పెద్ద హెల్సింకి నుంచి ఫోన్ చేశాడు. "నాలుగు వేళ్ల కోసం ఇరవై ఏళ్ల పని గంగలో కలుపుతావా? చివర్లో ఒక వాక్యం చేర్చు, పాదాలు కూడా చూడటం మంచిదని. సరిపోతుంది."

"ఆ వాక్యం ఎవరూ చదవరు" అంది హెల్కా. "నేనైతే చదవను."

"నీ పేరు మాత్రమే కాదు, మా అందరి పేర్లూ ఉన్నాయి దాని మీద."

"తెలుసు. అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను."

ఆ తర్వాత ఫోన్ మోగడం మానేసింది. వ్యాసం మీద సంతకాలు పెట్టిన ఆరుగురిలో ఒక్కరు జవాబు రాశారు, అదీ రెండు ముక్కలు. అంతకుముందు కూడా ఆమె ఒంటరిదే, కానీ ఆ ఒంటరితనానికి ఒక గౌరవం ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. పనే తోడు అనుకుని బతికిన మనిషికి ఆ పనే తప్పని తేలితే ఎవరి దగ్గరికి వెళ్తుంది? తైమి గుర్తొచ్చింది. తలచుకుంటే భయం వేసింది.

ఎందుకంటే అందరిలోకీ తైమి ఒక్కతే నిజం చెప్పలేదు. మార్చిలో వచ్చినప్పుడు హెల్కా ఆమె లేసులు విప్పి, మేజోళ్లు తీసి, ఉబ్బిన చోట గోరు తెల్లబడేదాకా నొక్కింది. తైమి కన్ను అదిరింది. కుర్చీ చెయ్యిని పట్టుకున్న వేళ్లు బిగిశాయి. అయినా "చక్కిలిగిలి పెట్టకు" అంది. కాగితం ఇస్తే ఎప్పట్లాగే ఒకటి దగ్గర గీత పెట్టింది.

"తైమి గారూ, నేను చూశాను. ఇప్పుడైనా సరిగ్గా పెట్టండి."

"సరిగ్గానే పెట్టాను. బాగానే ఉంది. బన్ను తెచ్చావా, లేదా?"

ఆ గదిలో తైమి నోట నిజం రాదని హెల్కాకి అర్థమైంది. అది వచ్చే చోటు మా ఊళ్లో ఒక్కటే ఉంది. తర్వాతి మంగళవారం నాలుగింటికి ఈతకొలనుకి వెళ్లింది. మిగతా ఆడవాళ్లు స్నానాలకి లేచేదాకా ఆగి, దిగివచ్చి కింది మెట్టు మీద తైమి పక్కన కూర్చుంది.

"పాదాలు ఎప్పటినుంచి?"

తైమి గరిటెతో రాళ్ల మీద నీళ్లు పోసింది. ఆవిరి లేచి, దిగేదాకా ఊరుకుంది.

"చెప్తే ఏడవకూడదు" అంది.

"నేనేడవను."

"అదే నీతో వచ్చిన చిక్కు." తైమి మొహం తుడుచుకుంది. "ఎనిమిదేళ్లయింది. మొదట్లో నిజమే పెట్టాను. మీ అమ్మ పోయిన ఏడాది, గుర్తుందా, డిసెంబర్లో వచ్చాను. ఎనిమిది దగ్గర గీత పెట్టాను. నువ్వది చూసి ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డావు. నీ వీపు చూస్తూ ఎంతసేపు కూచున్నానో నాకే తెలీదు. తర్వాత ఇటు తిరిగి చేతులు నొక్కావు, మందు మార్చావు, పంపించేశావు. ఇంటికెళ్తే రెండ్రోజులు తిండి సయించలేదు నాకు."

"నాకు గుర్తులేదు" అంది హెల్కా.

"నీకెందుకుంటుంది? తర్వాతిసారి చేతులు బాగయ్యాయి. కాళ్లు అలాగే ఉన్నాయి. పోనీలే అని ఒకటి దగ్గర పెట్టాను. నీ మొహం వెలిగిపోయింది. కాఫీ పోశావు. సంచీలోంచి బన్ను తీసి సగం చేశావు. ఈ పిల్లకి ఇంటికెళ్తే పలికే దిక్కు లేదు, ఇంత పెద్ద ఖాళీ ఆస్పత్రిలో దీనికి ఆ అంకె ఒక్కటే సంతోషం, దాన్ని నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నా. నావి ముసలి కాళ్లు. వాటితో ఇంకెక్కడికి వెళ్లాలి గనక?"

"నా మీద జాలిపడి కాళ్లు పోగొట్టుకున్నారా?"

"జాలి కాదు." తైమి తన పాదాల వంక చూసుకుంది. "సరే, జాలే అనుకో. నాకు ఇంకెవరున్నారు జాలిపడటానికి?"

హెల్కాకి సిగ్గేసింది. ముప్పై ఏళ్లు మనుషుల బాధ కొలిచానని అనుకుంది. ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషి తన బాధని కొలిచి, దానికి తగ్గట్టు గీత పెడుతోందని ఆమెకి తోచనే లేదు. మిగతా ముప్పై ఎనిమిదిమందికి బూటు అడ్డం. తైమికి అడ్డం తనే.

"వచ్చేసారి నుంచి మీరు డాక్టర్ హెయిని దగ్గరికి వెళ్లాలి. నా పక్కగదిలో. కొత్తగా వచ్చింది, చురుకైన పిల్ల. చేత్తోనే కాదు, యంత్రంతో కూడా పాదాలు చూస్తుంది."

"కోపమొచ్చిందా?"

"లేదు. మీరు నాకు నిజం చెప్పలేరు."

"చెప్తాను. ఒట్టు."

"చెప్పలేరు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి నా మొహంలోకి ఎన్నిసార్లు చూశారో నేను లెక్కపెట్టాను."

తైమి తల దించుకుంది. గరిటె ఖాళీ బకెట్లో వేసింది. "మరి మన కాఫీ?"

"కాఫీ కాళ్లకి పనిచెయ్యదు" అంది హెల్కా. అనేశాక, అంత కటువుగా అనక్కర్లేదనిపించింది. వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. ఆదివారం మా ఇంటికి రండి అని అయినా అనొచ్చు. మా ఊళ్లో పిలవకుండా ఒకరింటికొకరు వెళ్లరు, పిలవడమెలాగో ఆ ఇద్దరిలో ఒకరికి రాదు. పైగా ఆ ఇంట్లో గొట్టాలు లేవు, గోడలు బద్దలుకొట్టి ఉన్నాయి.

మేలో హెల్కా హెల్సింకి వెళ్లింది. ఏడు నిమిషాలు మాట్లాడనిచ్చారు. ముప్పై తొమ్మిది, ఇరవై ఏడు అన్న రెండు అంకెలూ చెప్పి, తప్పు తనదని చెప్పి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ప్రశ్న అడగలేదు. సాయంత్రానికి కమిటీ కాగితంలో కొత్త మాట చేరింది. మందులు తగ్గించే ముందు రోగి చేత బూట్లు, మేజోళ్లు విప్పించి పాదాలు నొక్కి చూడాలి, పాదాలకి ఎక్స్‌రే తీయాలి. కింద హెల్కా పేరు లేదు. తిరుగు రైల్లో ఆమె ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకుంది. ఎన్ని వేలమంది పాదాలు దాంతో నిలబడతాయో ఆమె లెక్క వేయగలదు, కానీ ఆరోజు వేయలేదు.

జూన్ పద్నాలుగున, మధ్యాహ్నానికి ముందు, తైమి వచ్చింది. పాత మూడో వార్డుకి పలకలు అడ్డుపెట్టి గదులు చేశారు కనుక పక్కగదిలో మాట స్పష్టంగా వినపడుతుంది. హెల్కా వినాలని కూర్చోలేదు. ఆమె రోజూ ఉండేది అక్కడే.

"ఎలా ఉందండీ?" అంది డాక్టర్ హెయిని.

హెల్కా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"పక్కగదావిడకి వినపడుతుందా?" అంది తైమి గొంతు.

"లేదండీ, తలుపు వేసుంది."

"అయితే విను, అమ్మాయ్. నరకంలా ఉంది. పొద్దున్నే మంచం దిగితే గాజుపెంకుల మీద అడుగేసినట్టుంటుంది. పొయ్యి దాకా వెళ్లి కాఫీ పెట్టుకునేసరికి చెమటలు పడతాయి. రెండేళ్లయింది నేను బెర్రీలకి వెళ్లి. అందరికీ మోకాలని చెప్తున్నా. చెప్పు తొడిగితే ఏడుపొస్తుంది, తొడక్కపోతే ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ గీత ఇటు తే. తొమ్మిది. కాదు, తొమ్మిదిన్నర. అటు చివరకి జరిపినా నేను కాదనను."

ఇరవై నిమిషాలు అలా తిడుతూనే ఉంది. కాళ్లని తిట్టింది, మంచుని తిట్టింది, టపా ఆఫీసుని తిట్టింది. తనని ఒక్క మాటైనా అంటుందేమోనని హెల్కా ఎదురుచూసింది. అనలేదు. హెయిని కొత్త మందులు చెప్పింది, ఆపరేషన్ సంగతి చెప్పింది, మళ్లీ నడవొచ్చని చెప్పింది. హెల్కా ఒక్క మాట పోకుండా విన్నది. ఎనిమిదేళ్లలో ఆ ఆస్పత్రిలో తైమి నోట విన్న మొదటి నిజం అదే, అదీ ఆమెకి చెప్పింది కాదు. ఆమెకి ఏడుపొచ్చేటంత సంతోషంగా ఉంది.

కుర్చీ జరిగిన చప్పుడయింది. తైమి గొంతు కాస్త తగ్గింది.

"అమ్మాయ్, ఆవిడ మధ్యాహ్నం ఎవరితో తింటుంది?"

"తెలీదండీ. తలుపు వేసుకుంటారు."

"ఊఁ" అంది తైమి.

కర్ర చప్పుడు వరండాలోకి వచ్చింది. ఆ చప్పుడు హెల్కా గది తలుపు దాకా వచ్చి ఆగింది. తలుపుకి ఇవతల బల్ల మీద, ముందురోజు అలవాటుకొద్దీ కడిగి పెట్టిన రెండు కప్పులున్నాయి. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. హెల్కా కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. తలుపు తీస్తే తైమి తన మొహం చూస్తుంది. ఒక్కసారి చూసిందంటే సెప్టెంబర్లో మళ్లీ ఒకటి దగ్గర గీత పెడుతుంది. కర్ర చప్పుడు మెట్ల వైపు కదిలి, ఒక్కో మెట్టే దిగుతూ, వినపడకుండా పోయేదాకా ఆమె కదలలేదు.